గ్లాసులో ఉన్న బ్రష్షు

మా ల్యాబులో రక్తపు మరకలు పరీక్షించే మేడంకి మేము చాటుగా పెట్టుకున్న పేరు ‘రెండోసారి’. మొదటిసారి వచ్చిన ఫలితాన్ని ఆవిడ నమ్మరు. గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి వెళ్ళే రకం. రిపోర్టులు టైపు చేసేది నేను కాబట్టి ఆ చాదస్తమంతా నా నెత్తిమీదే.

మూడు వారాలుగా కనిపించకుండా పోయిన ఒక ఎలక్ట్రీషియన్ కేసు మాకు వచ్చింది. అతనితో కలిసి కాంట్రాక్టులు చేసే భాగస్వామి వ్యానులో, వెనకాల పరిచిన పట్టా సగం దాకా రక్తంతో తడిసి ఎండిపోయి ఉంది. ఎవరో కూలీకి దెబ్బ తగిలిందని భాగస్వామి చెప్పాడు. అది ఎలక్ట్రీషియన్ రక్తమే అయితే మాత్రం మనిషి బతికున్నాడనుకోవడం కష్టం. పోల్చడానికి అతను వాడిన వస్తువు కావాలని పోలీసులు అడిగితే, భార్య ఒక టూత్‌బ్రష్షు కవర్లో పెట్టి ఇచ్చింది.

రెండూ కలవలేదు. ఇన్‌స్పెక్టర్ ఫోను మీద ఫోను. ఆ ముక్క రాసిచ్చేస్తే భాగస్వామిని వదిలేస్తాను, పైవాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు అని ఒకటే గోల. నేను టైపు చేసి సంతకానికి పెట్టాను కూడా. మేడం పెట్టలేదు. టీ చల్లారిపోయింది. గదికీ వరండాకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. మరక మగమనిషిదట, బ్రష్షు మీద ఉన్నది ఆడమనిషిదట. రెండోసారి చేసినా అంతే.

భార్యని పిలిపించారు. చేతిసంచి జిప్పు లాగుతూ, మూస్తూ చాలాసేపు కూర్చుంది. ఎవరి బ్రష్షు ఇచ్చావమ్మా అని మేడం మెల్లగా అడిగారు.

“నాదేనండి. ఆయనది గ్లాసులో ఉంది. అది మీకిచ్చేస్తే, వచ్చాక దేంతో తోముకుంటారు?”

నాకు ఒళ్ళు మండింది. ఈమె మూలంగా ఆ భాగస్వామి దర్జాగా బయటికి నడిచేవాడు. కానీ ఆ మొహం చూస్తూ కోపం నిలుపుకోవడం నా వల్ల కాలేదు.

మేడం పల్లెత్తు మాట అనలేదు. బ్రష్షు పట్టుకుపోను, దూదిపుల్లతో తుడుచుకుని అక్కడే పెట్టేస్తాను అని మాటిచ్చారు. మా ల్యాబు వాళ్ళు ఇళ్ళకి వెళ్ళడం అలవాటు లేదు. అయినా ఇన్‌స్పెక్టర్‌ని వెంటబెట్టుకుని ఆ మధ్యాహ్నమే బయల్దేరారు. కాగితాలు పట్టుకుని నేనూ వెళ్ళాను. బాత్రూములో అద్దం కింద, గ్లాసులో నీలం బ్రష్షు ఒక్కటే ఉంది. మేడం తుడుచుకుని తిరిగి గ్లాసులో వేశారు. భార్య ముందుకొచ్చి దాన్ని కొంచెం తిప్పింది.

“గోడకి తగిలితే ఆయనకి నచ్చదండి.”

ల్యాబుకి రాగానే మేడం నేరుగా పరీక్షకి కూర్చున్నారు.

ఈసారి కలిసింది. రెండోసారి చేశారు, కలిసింది. మూడోసారికి సిద్ధం చేస్తుంటే నాకు వింతగా అనిపించింది. పన్నెండేళ్ళలో ఆవిడ మూడోసారి చేయడం నేను చూడలేదు. ఎందుకు మేడం అని అడిగాను.

“ఒక్కసారి నా పని తప్పయితే బావుండుననిపిస్తోంది” అన్నారు.

మూడోసారీ అదే వచ్చింది. రిపోర్టు ఆరు వరుసలే. తప్పుల్లేకుండా టైపు చేయడానికి నాకు నాలుగు కాగితాలు పట్టాయి.