గెలుస్తున్న ఆటను మా తాత ఆపేసిన రోజు

నా చిన్నప్పుడు మా కొండల్లో ఫుట్‌బాల్ గెలిచినవాళ్ళకు కప్పు ఇచ్చేవారు కాదు, మేకపోతును ఇచ్చేవారు. ఒడిశా వైపు నుంచి వచ్చిన అలవాటది. నుదుట పసుపు రాసి, మైదానం పక్కనే అందరికీ కనబడేటట్టు కట్టేసేవారు. ఆడేవాళ్ళకు ఒక కన్ను బంతి మీద ఉంటే ఇంకో కన్ను దాని మీద ఉండేది. గెలిచిన ఊరు ఆ సాయంత్రమే దాన్ని కోసుకుని ఇంటింటికీ ఒక పోగు పంచుకునేది. అందుకని ఓడిపోతే ఆడిన పిల్లలొక్కరే ఓడినట్టు కాదు, ఊరు ఊరంతా ఆ పూట ఉత్త అంబలి తాగి పడుకోవలసిందే.

నేను చదివింది నాలుగో తరగతి. నేర్చుకున్న అక్షరాల్లో కొన్ని మరిచిపోయాను గానీ, మా తాత ఆపేసిన ఆ ఆటలో ఏ బంతి ఎటునుంచి వచ్చిందో మాత్రం ఇప్పటికీ చెప్పగలను.

అప్పటికి నాకు పదకొండేళ్ళు. మాది అరకు లోయకు ఎగువన ముప్పై గడపల ఊరు. వేసవి ఆఖర్లో, బడులు తెరవడానికి ముందు, పక్క ఊరి పిల్లలతో మా ఊరి పిల్లలకు ఆట పెట్టారు. ఏడుగురేసి ఆడాలి. మా వాళ్ళలో ఒకడు మలేరియాతో మంచం పట్టాడు, ఆరుగురే మిగిలారు. జట్టుకు పెద్ద మా పక్కింటి అన్నయ్య. ఎవరిని తేవాలా అని ఊరంతా తిరిగి, చివరికి మామిడి చెట్టు కింద ఉన్న నన్ను చూశాడు. చెట్టెక్కినవాళ్ళు పైనుంచి విసిరే కాయలను ఒక్కటి కూడా నేల తగలకుండా పట్టేదాన్ని నేను.

"ఈ గుంటని గోల్లో నిలబెడదాం. కాయలు పడతాది కదా, బంతి పట్టదేటి?" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు గానీ ఇంకో దారి లేదు. అలా నేను గోల్‌కీపర్‌నయ్యాను.

మా తాత మా ఊరికి దిసారి. పెళ్ళికి, విత్తనానికి, కొత్త ఇంటికి మంచి గడియ చూసి చెప్పేది ఆయనే. ఆయన మాట లేకుండా ఊళ్ళో గుప్పెడు కొర్రలు కూడా చల్లేవారు కాదు. మేకపోతు పందెం కదా, ఆటకు కూడా గడియ పెట్టమని ఆయన్నే అడిగారు. తాత వేళ్ళ కణుపుల మీద చాలాసేపు లెక్కపెట్టుకుని, పడమటి కొండ మీద పొద్దు బారెడు ఎత్తున ఉండగా మొదలుపెడితే మేక మన ఊరికే వస్తుందన్నాడు. అవతలి ఊరికీ ఒక దిసారి ఉన్నాడు, ఆయన పొద్దున్నే ఆడాలన్నాడట. రిఫరీగా రావడానికి ఒప్పుకున్న ఆశ్రమ పాఠశాల డ్రిల్లు మాస్టారు తనకు సాయంత్రమే తీరుతుందనడంతో మా తాత గడియ నెగ్గింది. ఆ మాట తెలిసిన దగ్గర్నుంచి మా వాళ్ళు సగం ఆట గెలిచేసినట్టే తిరిగారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ముందు ఏడు ఒక జట్టు అలిగి ఆట మధ్యలో వెళ్ళిపోతే, మేక ఎవరిదన్న దాని మీద రెండు ఊళ్ళూ నెల రోజులు మాట్లాడుకోలేదు. అందుకని ఈసారి పెద్దలు ముందే ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఆట ముగిసేలోపు ఏ జట్టు ముందు మైదానం వదిలితే ఆ జట్టు ఓడినట్టే. మా ఊరి తరఫున ఆ మాట ఒప్పుకున్నది కూడా మా తాతే.

మైదానం అంటే ఊరికి పైనున్న బోడిమెట్ట. గడ్డి తప్ప ఏమీ ఉండదు, ఒక పక్కన పెద్ద మామిడి చెట్టు ఒక్కటే. రెండేసి వెదురు గడలు పాతి, పైన అడ్డతీగ లాగి కట్టి గోల్ చేశారు. డ్రిల్లు మాస్టారు తెచ్చిన బంతిని చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు కొత్తగా పుట్టిన పంది పిల్లను పట్టుకున్నట్టు అనిపించింది. అంత నున్నటి, అంత గట్టి బంతిని నేనెప్పుడూ ముట్టుకోలేదు.

మొదటి సగంలో ఎవరూ గోల్ కొట్టలేదు. రెండో సగంలో మా పక్కింటి అన్నయ్య ఒకటి కొట్టాడు. ఆ తరువాత అవతలివాళ్ళు కొండమీద రాయి దొర్లినట్టు మా మీదికే వచ్చారు. ఒక బంతిని రెండు చేతులతో పట్టాను. ఒకటి నా మోకాలికి తగిలి బయటికి పోయింది. గట్టు మీద మా ఊరి ఆడవాళ్ళు నన్ను చూపించి కేకలు వేస్తున్నారు. మా అమ్మ అయితే పక్కవాళ్ళ వీపు మీద ఒకటే చరుస్తోంది. అంతమంది నన్ను ఒకేసారి మెచ్చుకోవడం అదే మొదలు.

అప్పుడు ఒడిశా కొండల వైపు ఒక ఉరుము వినిపించింది. పెద్దదేమీ కాదు. ఎవరూ తలెత్తి చూడలేదు. మా తాత మాత్రం కాలుస్తున్న చుట్ట పారేసి లేచి నిలబడ్డాడు. రెండో ఉరుముకు డ్రిల్లు మాస్టారు దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పాడు. మాస్టారు గడియారం చూసుకుని, ఐదు వేళ్ళు చూపించాడు, ఐదు నిమిషాలే ఉందని. తాత ఆకాశం వైపు చూశాడు. కొండ వెనక తెల్లగా మెరిసింది, మెరిసిన కాసేపటికే ఉరిమింది. ఈసారి ముందుకంటే బాగా దగ్గరగా ఉంది. తాత భుజాన ఎప్పుడూ ఉండే గొడ్డలిని తీసి గట్టు మీద వదిలేసి, వట్టి చేతులతో మైదానంలోకి నడిచాడు.

అప్పుడే పట్టిన బంతి నా చేతుల్లో ఉంది. తాత తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

"ఇలగియ్యే గుంటా."

ఇవ్వలేదు. బంతిని పొట్టకు హత్తుకుని అలాగే కింద కూర్చున్నాను. తాత ఇంకోసారి అడగలేదు. వంగి, బంతితో పాటు నన్ను కూడా గడ్డి మోపులా ఎత్తి భుజాన వేసుకుని నడవడం మొదలుపెట్టాడు. నేను కాళ్ళు కొట్టుకున్నాను, ఆయన వీపు మీద గుద్దాను. రెండు ఊళ్ళ జనమూ విరగబడి నవ్వారు. అవతలి ఊరి పిల్లలు "దిసారి గోలుని ఎత్తుకుపోతన్నాడ్రోయ్!" అని గంతులు వేశారు.

ఆ నవ్వుల్లోనే వాన మొదలైంది. జనం మామిడి చెట్టు కిందికి పరుగెత్తారు. మా తాత గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది. "సెట్టు కిందకి ఎల్లకండి! బడి కాడికి పరిగెట్టండి, బేగి!" అని అరిచాడు. చెట్టు కింద చేరినవాళ్ళను కూడా చేయి పట్టి లాగి తరిమాడు. ఇదంతా నేను ఆయన భుజం మీద తలకిందులుగా వేలాడుతూనే చూశాను.

అవతలి ఊరి పెద్ద పక్కనే పరుగెడుతూ, "దిసారీ, ముందు కదిలింది మీ జట్టే. మేక మాదే కదా?" అన్నాడు.

"తోలుకుపొండి. ముందు గుంటల్ని లోపలికి తోలండి," అన్నాడు తాత.

అలా రెండు ఊళ్ళవాళ్ళమూ, మేకతో సహా, కొండ కింద ఒకే గది ఉన్న బడిలో తడిసి ముద్దయి నిలబడ్డాం. మేక నా పక్కనే నిలబడి నా లంగా అంచు నమిలింది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను.

వాన ఎంతోసేపు పడలేదు. పొద్దు మళ్ళీ బయటికి వచ్చింది. నేను అందరికంటే ముందు మెట్ట మీదికి పరుగెత్తాను. వెదురు గడలు పాతినవి పాతినట్టే ఉన్నాయి. మామిడి చెట్టుకు ఒక కొమ్మ కూడా విరగలేదు. పిడుగు ఎక్కడా పడలేదు. నిజం చెప్పాలంటే ఆ చెట్టు నిలువునా చీలిపోయి ఉంటే బాగుండునని కోరుకున్నాను. అప్పుడు మా తాత మాట నిలబడేది, మా ఓటమికి ఒక అర్థం ఉండేది. చెట్టేమో ఆకుల మీద నీళ్ళు మెరిపిస్తూ హాయిగా నిలబడింది. మేక వాళ్ళ వెంట కొండ దిగి వెళ్ళిపోయింది.

ఆ తరువాత మా ఇంటి ముందు నుంచి వెళ్ళే ప్రతివాడూ ఒక మాట విసిరేవాడు. "మన దిసారి మంచి గడియే పెట్టాడ్రా, మేక పెళ్ళికూతుర్నాగ అత్తోరింటికి ఎల్లిపోనాది," అనేవారు. నవ్వులాట వరకే అయితే పోనీ అనుకోవచ్చు. కూతురి పెళ్ళికి గడియ పెట్టమని మా తాత దగ్గరికి రావలసిన ఇంటివాళ్ళు అవతలి ఊరి దిసారి దగ్గరికి వెళ్ళారు. గడియ చెప్పి బతికే మనిషికి అంతకంటే తలవంపు ఏముంటుంది? మా నానమ్మ పొయ్యి దగ్గర కూర్చుని గొణిగింది. తాత ఇంటి ముందు గట్టు మీద చుట్ట కాలుస్తూ కూర్చునేవాడు. నేను ఆయనతో మాట్లాడడం మానేశాను. అన్నం దగ్గర కూడా ఆయనకు వీపు పెట్టి కూర్చునేదాన్ని.

తరువాతి వారం సంతకు అడ్డాకుల కట్టలు మోసుకుని వెళుతూ తాత నన్ను కూడా తీసుకెళ్ళాడు. సంతలో విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక షావుకారు కొట్టు ఉండేది. ఆయన దగ్గర రంగుల టీవీ ఉంది. ఆ నెలలో ఎక్కడో దూరదేశంలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఆటలు జరుగుతున్నాయి. అక్కడ ఆడేవాళ్ళకు అదే పని, అదే సేద్యం అని డ్రిల్లు మాస్టారు మాకు ముందే చెప్పాడు. సంత ముగిశాక ఆ కొట్టు ముందు పిల్లలూ పెద్దలూ ముప్పై మందిమి చేరాం. తాత కూడా నా వెనక చతికిలబడ్డాడు.

టీవీలో వాన పడుతోంది. పచ్చటి గడ్డి మీద నీళ్ళు ఎగురుతున్నాయి. ఆటగాళ్ళు తడిసిపోయి, జారిపడి, లేచి మళ్ళీ పరుగెడుతున్నారు. వారం రోజుల తరువాత నేను తాతతో మాట్లాడిన మొదటి మాట అదే. "సూడు. ఆళ్ళు వానలో ఆడుతన్నారు."

"వానని నానేటన్నాను? వానలో పంది పిల్లల్నాగ పొర్లండి. నాను ఉరుముకి బయపడ్డాను," అన్నాడు తాత.

ఆట ఇంకా మిగిలి ఉంది, ఒక జట్టు గోల్ దగ్గరికి దూసుకొస్తోంది, అప్పుడు మా వైపు కొండ వెనక సన్నగా ఉరిమింది. షావుకారు కాటా వదిలేసి ఒక్క గెంతు గెంతాడు. ప్లగ్గు పీకాడు, వెనక యాంటెన్నా తీగ పీకాడు, టీవీ మీద దుప్పటి కప్పాడు. అందరం గొల్లుమన్నాం. "షావుకారు బాబూ, ఒక్క నిమిషం, గోలైపోతే సాలు!" అని బతిమాలాం. "ఏట్రా ఒక్క నిమిషం? పిడుగు పడి టీవీ కాలిపోతే మీరిత్తారేటి? ఎల్లండెల్లండి," అన్నాడు. ఎవరూ ఆయన మీద కోపం తెచ్చుకోలేదు. ఎవరైనా అదే చేస్తారు కదా అనుకుంటూ లేచి, ఎవరి మూటలు వాళ్ళు తీసుకున్నారు. ఆ ఉరుము అటునుంచి అటే పోయింది, పిడుగూ పడలేదు, చినుకూ రాలేదు.

కొండ ఎక్కుతూ సగం దారిలో తాత అడిగాడు. "ఏటే, పిడుగు పడిందేటి?"

"నేదు."

"మరి షావుకారు వీపు మీద నాలుగు గుద్దకపోయావా?"

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. తాత నా వైపు చూడకుండానే నడుస్తూ, "ఆడి టీవీ కాలిపోతే ఇశాపట్నం ఎల్లి ఇంకోటి తెచ్చుకుంతాడు. నీలాటి గుంటని ఏ సంతలో అమ్ముతారే, సెప్పు?" అన్నాడు.

ఊరి పొగ కనిపించే మలుపులో నేను అడిగాను, ఆయన పెట్టిన గడియ తప్పయిందా అని. తాత ఆగి నన్ను వింతగా చూశాడు. "తప్పేటి? గెలుత్తన్నారు కదా! గడియ బాగానే ఉంది. ఆట ఆపింది నాను," అన్నాడు. మరి ఆ మాట ఊళ్ళోవాళ్ళకు చెప్పొచ్చు కదా అన్నాను. "సెప్తే మేక తిరిగొత్తాదేటి?" అని ముందుకు నడిచాడు. ఆ పెళ్ళివాళ్ళు మళ్ళీ మా గడప తొక్కడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ తాత అలాగే చుట్ట కాలుస్తూ గట్టు మీద కూర్చున్నాడు, ఎవరు ఏమన్నా నవ్వి ఊరుకున్నాడు.

ఇప్పుడు నా కూతురు ఆశ్రమ పాఠశాల జట్టులో ఆడుతుంది. బూట్లున్నాయి, వీపు మీద అంకె ఉన్న చొక్కా ఉంది. పెద్ద దేశాల్లో, కోట్లు తీసుకుని ఆడేవాళ్ళను కూడా ఉరుము వినిపిస్తే లోపలికి పంపించి, ఆకాశం సర్దుకునేదాకా ఆపుతున్నారని మా అబ్బాయి ఫోనులో చూపించాడు. అంత గొప్ప ఆటగాళ్ళు చేతులు కట్టుకుని లోపల కూర్చుంటే, అంత జనమూ ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు. మా తాత ఇది చూసి ఉంటే ఏమనేవాడో తెలియదు. వాళ్ళ దిసారి ఎవరని అడిగేవాడేమో.

పోయిన ఏడు మా పిల్ల ఆటలోనూ ఉరిమింది. గెలవడానికి వాళ్ళకు ఇంకొక్క గోల్ కావాలి. ఆపమని అడిగితే కోచ్ బాబు "పది నిమిషాలేనమ్మా" అన్నాడు. నా పిల్ల నాకంటే పొడుగు, ఎత్తుకోలేను. అందుకని నడుచుకుంటూ వెళ్ళి, బయటికి దొర్లిన బంతిని చంకలో పెట్టుకుని తరగతి గదుల వైపు నడిచాను. వెనక పిల్లలు, మాస్టర్లు, తల్లిదండ్రులు అందరూ నన్ను తిట్టుకుంటూ వచ్చారు. వచ్చారు కదా, అది చాలు. ఆ రోజు కూడా పిడుగు పడలేదు. మళ్ళీ ఆడడానికి వెలుతురు లేక ఆట అక్కడితో ఆగిపోయింది.

మన పిల్లలను మనం కాచుకున్నప్పుడు చూపించడానికి ఏమీ మిగలదు. చీలిన చెట్టు ఉండదు, సాక్ష్యం ఉండదు. మన తొందరపాటే అందరికీ కనబడుతుంది. ఆ మాట పడడం మా తాత దగ్గర నేర్చుకున్నాను. పడ్డాక వాదించకుండా ఉండడం ఇంకా కష్టం, అదీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఇంటికొచ్చాక మా పిల్ల బూట్లు విప్పి మూలకు విసిరింది. కంచం ముందు మూతి ముడుచుకుని కూర్చుంది. కోపంగానే చింతపండు పులుసు కలుపుకుంది, కోపంగానే ఇంకొంచెం వెయ్యమని కంచం నా వైపు తోసింది. నేను వేశాను. ఆ పిల్ల ముద్ద ముద్దకూ నన్ను ఉరిమి చూస్తూ తినడం ఎదురుగా కూర్చుని చూశాను. నాకు కడుపు నిండిపోయింది.