రెండో బంతి వాటాదార్లు

గోదావరిలో మోకాలి లోతున నిలబడి, దోసిట నీళ్లు పట్టుకుని చెబుతున్నాను: ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. అబద్ధం అల్లడానికీ ఓపిక కావాలి. నా ఓపికంతా ఆ నూనె కంపెనీ చర్చల్లోనే అరిగిపోయింది.

నేను రాజమహేంద్రవరం రేవులో సరుకుల గుమాస్తాని. రేవుకి దగ్గర్లోనే ఆముదం ఆడే ఆవిరి మిల్లు ఒకటి వెలిసింది. దాని కూత వింటే ధవళేశ్వరంలో ఆవులు పాలు చేపేవి. ఆ కంపెనీలో మావంటి చిన్నవాళ్లం తలో వాటా కొన్నాం. నా స్నేహితుడొక పడవవాడు మాత్రం ఉన్న ఒక్క పడవనీ అమ్మేసి నాలుగు వాటాలు కొన్నాడు. పడవ కొన్న షావుకారు మంచివాడే. "వేసవికి కాలువలు కట్టేశారు కదా. మళ్లీ నీళ్లు వదిలేలోగా సొమ్ము తెస్తే నీ పడవ నీకే. ఆ తరవాతైతే ఇంకొకళ్లకి ఇచ్చేస్తాను" అన్నాడు.

కాకినాడలో కిరసనాయిలు డబ్బాలు దిగాయని వినబడితే మా వాటా ధర పడేది. ఆముదం దీపాలు ఇక ఎవరు పెడతారని భయం. డబ్బాల ఓడ మునిగిందని వినబడితే ధర లేచేది. ఆ ఓడల్ని ముంచింది చాలావరకు నేనే. రోజూ సాయంత్రం రేవు మెట్ల మీద ఇదే గోల. అమ్ముదామా, ఉంచుదామా. విని విని నాకు ఆముదం తాగినంత పనయ్యేది.

ఎండాకాలం చివర్లో కంపెనీ ఏజెంటు గారు మీటింగు పెట్టారు. మిల్లు వరండాలో చాపలు వేశారు, కులానికో చాప. గింజలు కొనడానికి సొమ్ము లేదనీ, డిబెంచర్లు ఇచ్చి అప్పు తేవాలనీ ఆయన చెప్పారు.

మాలో కోనసీమ నుంచి వచ్చి స్థిరపడిన పురోహితుడు గారొకరున్నారు. ఆయన లేచి, "బెంచీలెందుకండీ ఇప్పుడు? చాపలు శుభ్రంగానే ఉన్నాయి కదా!" అన్నారు.

ఎవరూ నవ్వలేదు. పొద్దు వాలేదాకా బెంచీల మీదే వాదన. అప్పు చేసి బెంచీలేంటని కొందరు, చేయిస్తే టేకువే చేయించాలని కొందరు.

ఏజెంటు గారు తల పట్టుకున్నారు. "బెంచీలు కావండీ బాబూ! అప్పిచ్చేవాళ్లకి రాసిచ్చే పత్రాలు. మిల్లూ, యంత్రాలూ వాళ్లకి తాకట్టు. లాభమొచ్చినా, మిల్లు అమ్ముకున్నా ముందు వాళ్లకి. మిగిలితే మీకు."

"అలా చెప్పండి మరి. మొదటి బంతి వాళ్లది, రెండో బంతి మనది" అన్నారు పురోహితుడు గారు.

ఈ మాట మాత్రం అందరికీ ఎక్కింది. పెళ్లిభోజనాల్లో రెండో బంతి దాకా ఆకలితో నిలబడనివాడు మా వైపు ఎవడున్నాడు గనక?

"వంట సమృద్ధిగా ఉంటే ఏ బంతైతే ఏంటండీ!" అన్నాడు తమలపాకుల వర్తకుడొకడు.

పడవవాడు పక్క చాప మీంచి వంగి నా చెవిలో అడిగాడు. "గుమాస్తా గారూ, నిజం చెప్పండి. రెండో బంతికి బూరెలుంటాయాండి?"

"చారుంటుంది" అన్నాను.

అతను కాసేపు చాప అంచు గిల్లుతూ కూర్చుని, లేచి నిలబడ్డాడు. "నా వాటాలు ఎవరైనా తీసుకుంటారాండి? సగానికే ఇచ్చేస్తాను."

"విస్తరి ముందు నుంచి లేచిపోతావేంటయ్యా, అపశకునం!" అని కసిరాడు తమలపాకుల వర్తకుడు.

అయినా అమ్మేశాడు. వెనక కూర్చున్న తణుకు బెల్లం వ్యాపారి కొనుక్కున్నాడు. ఆ సొమ్ముకి షావుకారు పడవలో సగం వాటా తిరిగి ఇచ్చాడు. కాలువలకి నీళ్లు వదిలిన రోజున పడవవాడు చుక్కాని దగ్గర నిలబడి నాకు చెయ్యి ఊపాడు.

అప్పు వచ్చింది. వెనకే కిరసనాయిలూ వచ్చింది. మిల్లు అమ్మేశారు. మొదటి బంతివాళ్లు తిని చేతులు కడుక్కున్నారు. మాకు తలో బస్తా ఆముదపు పిండి దక్కింది, కొబ్బరిచెట్లకి ఎరువుగా. యంత్రాలు విప్పి పడవలో కాకినాడకి పంపారు. ఆ సరుకు చీటీ రాసింది నేనే.

ఇక దోసిట్లో నీళ్లు వదిలేస్తున్నాను, చేతులు లాగుతున్నాయి. ఒక్కచోట కల్పించాను. పడవవాడు లేచిన మాట నిజం. వర్తకుడు కసిరిన మాటా నిజం. కసరగానే అతను కూర్చుండిపోయాడు. వాటాలు అమ్మలేదు. బెల్లం వ్యాపారి అసలు లేనే లేడు. నీళ్లు వదిలిన రోజున పడవ ఇంకొకళ్లదైపోయింది. యంత్రాలు వెళ్లింది ఆ పడవలోనే. తాడు భుజాన వేసుకుని, గట్టు వెంట నడుస్తూ దాన్ని లాగింది అతనే, కూలికి. చుక్కాని దగ్గర ఎవరో కొత్తవాడు. చెయ్యి ఊపింది నేను. భుజాన తాడుంది కదా, అతను తిరిగి చూడలేదు.

ధవళేశ్వరం ఆవుల సంగతి మాత్రం నిజమే. కావాలంటే వెళ్లి అడగండి.