చువ్వల పొయ్యి తోమే రోజు

పోయిన ఆదివారం చర్చి నుంచి ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుంటే నూజివీడు నుంచి ఫోను. మా తోటికోడలు పోయింది. పొద్దున్నే కాఫీ తాగి, కోళ్ళకి నూకలు చల్లించి, మంచం మీద వాలిందట. మళ్ళీ లేవలేదు. చెప్పింది ఆవిడ కోడలు. "అత్తయ్య ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయిందండీ" అంది. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. బతికినన్నాళ్ళూ ఎవరినో ఒకరిని ఇబ్బంది పెట్టని రోజంటూ లేని మనిషి ఆవిడ.

నేను ఆవిణ్ణి అక్కా అని పిలిచేదాన్ని. మా ఆయన అన్నగారి భార్య. ఎనభైల మొదట్లో నేను ఉంగుటూరు వరిచేల నుంచి ఆ మామిడితోటలోకి కోడలిగా వచ్చేనాటికి, ఇంటి పెత్తనమంతా ఆవిడదే. నోరు ఎంత దురుసో చెయ్యి అంతకంటే దురుసు. కోడి మెడ విరుస్తూనే పక్కింటావిడతో కబుర్లు చెప్పేది. పాకలోకి పాము వస్తే మగవాళ్ళని పిలిచేది కాదు. కొత్తలో ఒకసారి పొయ్యి మీద పాలు పొంగిస్తే నా నెత్తిన గట్టిగా మొట్టింది. సాయంత్రం అదే నెత్తికి నూనె పెట్టి, చిక్కు తీసి జడ వేసింది. రెండూ ఒకే చేత్తో, ఒకే విసురుతో.

మా మామగారు వయసులో ఉన్నప్పుడు మిషన్ బంగళాలో వంట చేసేవారు. దొరలు దేశం వదిలి వెళ్ళేటప్పుడు ఆయనకి ఒక ఇనప పొయ్యి ఇచ్చి వెళ్ళారు. కింద బొగ్గులు పోసే తొట్టి, పైన పెద్ద పీటంత వెడల్పున ఒకే చట్రంలో బిగించిన చువ్వలు. దాని మీద మాంసం కాల్చడం ఆ చుట్టుపక్కల మా ఇంట్లోనే ఉండేది. కాయ కోతకి వచ్చిందంటే మేమందరం తోటలోనే పాకలు వేసుకుని వానలు పడేదాకా ఉండేవాళ్ళం. వంటంతా ఆరుబయటే. ఈస్టరు పండగనాడు కోతకి వచ్చినవాళ్ళందరికీ ఆ చువ్వల మీద కాల్చిన మాంసం పెట్టాలని మామగారి నియమం. ఆయన పోయాక అది అక్క నియమం అయింది.

పండగకి ముందు ఒకరోజంతా ఆ పొయ్యి తోమడానికే. ఏడాదిగా చువ్వలకి పట్టిన కొవ్వు, తుప్పు నీళ్ళతో వదలవు. ముందు చువ్వల్ని నిప్పుల్లో పూడ్చి ఎర్రగా కాల్చేది. పాత కొవ్వు మండి, నల్లటి పొగ తోటంతా కమ్మేది. చల్లారాక చిన్న పారతో గీకి, ఇటుకపొడితో, కొబ్బరి పీచుతో తోమేది. "పోయినేటి కంపు ఈ ఏటి కూడుకి తగలకూడదు" అనేది, చువ్వ మీద పగ ఉన్నట్టు రుద్దుతూ.

నేను కాపురానికి వచ్చిన ఏడాదే అన్నదమ్ములిద్దరికీ చెడింది. ముసలి చెట్లు కాపు తగ్గిపోయాయి, తీసేసి బంగినపల్లి అంట్లు వేద్దామంటారు మా ఆయన. నాన్న నాటిన చెట్లు, నేనుండగా గొడ్డలి పడదంటారు బావగారు. మాటా మాటా పెరిగి ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. సరిగ్గా పొయ్యి తోమే రోజున, బావగారు లారీ మాట్లాడటానికి హనుమాన్ జంక్షన్ వెళ్ళారు. ఆయన అటు వెళ్ళగానే మా ఆయన రంపపువాళ్ళని తీసుకొచ్చారు. పట్టిన పంతం అలాంటిది. కాయలతో ఉన్న చెట్లు. ఒక్కో చెట్టూ పడినప్పుడు నా కాళ్ళ కింద నేల అదిరింది. పచ్చి కాయలు రాళ్ళలా దొర్లాయి. జీడి వాసనకి కళ్ళు మండాయి. అక్క ఒకసారి వెళ్ళి మా ఆయన్ని వద్దని తిట్టి వచ్చింది. వినలేదు. తిరిగొచ్చి నిప్పుల్లో బొగ్గులు ఎగదోస్తూ కూర్చుంది.

బావగారు అనుకున్నదానికంటే ముందే వచ్చేశారు. పడిన చెట్లని చూశారు. రంపపువాళ్ళు వదిలేసిన గొడ్డలి తీసుకుని మా ఆయన మీదికి నడిచారు. గొడ్డలి వెనకవైపుతో మొదటి దెబ్బ. మెడ కింద ఎముక విరిగిన చప్పుడు పొయ్యి దగ్గరున్న నాకు వినిపించింది. మా ఆయన పడుతూనే కొమ్మలు నరికే కొడవలి దొరకపుచ్చుకుని ఒక వేటు వేశారు. బావగారి చెవి సగం తెగి వేలాడింది. చొక్కా అంతా నెత్తురు. రంపపువాళ్ళు పారిపోయారు. కోతవాళ్ళు బిగుసుకుపోయారు. పొయ్యి దగ్గరికి పాక్కుంటూ వచ్చిన మా ఆయన తల మీదికి ఈసారి గొడ్డలి పదునువైపు లేచింది.

పట్టకారు అక్క పక్కనే ఉంది. దాన్ని అందుకునే వ్యవధి లేదు. నిప్పుల్లో కాలుతున్న చువ్వల్ని రెండు చేతులతో పట్టుకుని లేచి, ఇద్దరి మధ్యా అడ్డం పెట్టింది. గొడ్డలి వచ్చి ఆ చువ్వల మీద పడింది. ఖంగుమని మోగింది. నిప్పురవ్వలు లేచాయి. ఆవిడ వదల్లేదు. కాలిన మాంసం వాసన వచ్చింది. అది ఎవరిదో తెలిశాక బావగారి చేయి దిగిపోయింది.

అప్పుడు పడేసింది. అరచేతుల తోలు చువ్వలకి అంటుకుని ఉండిపోయింది.

"గొడ్డలి పొయ్యిలో పెట్టండి" అంది.

బావగారు పెట్టారు.

మా ఆయన వైపు తిరిగి, "నీదీ" అంది. దెబ్బ తగలని చేత్తో ఆయన కొడవలి నిప్పుల్లో పడేశారు. ముగ్గురూ అక్కడే కూలబడి, ఆ కర్ర పిడులు కాలి బొగ్గయ్యేదాకా చూస్తూ ఉండిపోయారు. నేను కుండలో నీళ్ళు తెచ్చి ఆవిడ చేతుల మీద పోస్తున్నాను. అప్పుడు మాత్రం నా భుజం మీద తల పెట్టి, పళ్ళు బిగించి మూలిగింది.

బావగారు మాట్లాడి వెంట తెచ్చిన లారీలోనే ముగ్గుర్నీ నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఎలా కాలిందమ్మా అని డాక్టరు అడిగితే, పొయ్యి తోముతున్నాం అని మాత్రం చెప్పింది. అబద్ధం కాదు గదా.

ఆ వేసవంతా నా చేత్తోనే తిన్నది. ఎంత కష్టపెట్టిందో చెప్పలేను. ముద్ద పెద్దదైతే ఉమ్మేసేది, చిన్నదైతే తిట్టేది. ఒకరోజు ఒళ్ళు తెలియని కోపంతో నా వేలు కొరికేసింది. నేనూ ఏడుస్తూ కంచం ఎత్తి గోడకేసి కొట్టాను. అన్నం మెతుకులు చూసి ఇద్దరం నవ్వుకున్నాం. చర్చి అయ్యగారు ఇంటికి వచ్చి ప్రార్థన చేస్తూ ఆవిడ ప్రేమ గొప్పదని పొగిడితే మధ్యలోనే ఆపేసింది. "ప్రేమ లేదు, ఏమీ లేదు అయ్యగారూ. నాకు ఒళ్ళు మండింది, అంతే" అంది.

కట్లు విప్పాక చూస్తే వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. మళ్ళీ పూర్తిగా తెరుచుకోలేదు. అన్నదమ్ములు తోట పంచుకున్నారు. మధ్యలో ముళ్ళకంచె వేసుకున్నారు. బావగారు తెగిన చెవి మీదుగా తువ్వాలు కట్టుకుని అటు, మా ఆయన ఎడమ భుజం వంచుకుని ఇటు.

మరుసటి ఏడు పండగ ముందు ఆవిడ ఇద్దరికీ కబురు పెట్టింది. పొయ్యి మధ్యలో, తాను ముక్కాలిపీట మీద. ఇద్దరూ రానైతే వచ్చారుగాని నిలబడే ఉన్నారు.

"చేతులుంటే నేనే తోముకునేదాన్ని. మీ ఇద్దరి పుణ్యమా అని లేవు. కూర్చోండి" అంది.

కూర్చున్నారు. చెరోవైపు పట్టుకుని, ఒక్కమాట లేకుండా తోమారు. ఆవిడ మాత్రం ఇంకా గట్టిగా, ఆ మూల, ఇటు అంటూ తిడుతూనే ఉంది. ఆ పై ఏడూ అంతే. ఆ తర్వాతి ఏడు, మా ఆయన చేయి మాటిమాటికీ ఆగుతుంటే బావగారు కొబ్బరి పీచు ఆయన చేతిలోంచి తీసుకున్నారు.

"ఇంకా నొప్పి పెడుతోందారా?"

"వానాకాలంలో, అన్నయ్యా."

అంతే మాట్లాడుకున్నారు. అక్క లేచి గబగబా పాకలోకి వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళాను. గుంజకి నుదురు ఆనించి నిలబడి ఉంది. ఏమైందక్కా అంటే, పొగ అంది. చువ్వలు కాల్చిన నిప్పు ఎప్పుడో చల్లారిపోయింది. ముళ్ళకంచె పూర్తిగా తీయలేదుగాని, మనిషి దూరేంత దారి మాత్రం వదిలారు.

ఇప్పుడు ఆ అన్నదమ్ములిద్దరూ లేరు. వాళ్ళ తర్వాత ఆవిడా వెళ్ళింది. నా భర్తని ఆ తర్వాత అన్నేళ్ళు నా పక్కన ఉండనిచ్చిన మనిషి. ఆ మాట ఎదురుగా అంటే మొట్టేదని ఎప్పుడూ అనలేదు.

ఆవిణ్ణి నేను చివరిసారి చూసింది ఈ వేసవిలోనే. చెట్టు కింద మంచం మీద కూర్చుని ఉంది. చిన్నరసం మామిడిపండు ఒకటి మెత్తగా పిసికి, తొడిమ తీసి, ఆ ముడుచుకున్న వేళ్ళ మధ్య పెట్టాను. కాయ కొలతకి చేసినట్టు ఆ చేతిలో సరిగ్గా కూర్చుంది. కళ్ళు మూసుకుని పీల్చింది. రసం మణికట్టు మీదుగా మోచేతి దాకా కారి, చుక్కలు చుక్కలుగా ఒడిలో పడుతోంది. తుడవబోతే మోచేత్తో నన్ను పక్కకి తోసేసి, టెంక కూడా వదలకుండా చీకుతూనే ఉంది.