గడువు దాటిన డబ్బా

ఆ వీధిలో ఎవరింట పుట్టినరోజైనా కేకు ఆవిడ ఓవెన్లోంచే రావాలి. అందుకే ఊరంతా ఆవిడను కేకుల వదిన అనేవాళ్లు. చేయి తిరిగిన మనిషే, కాదనను. కానీ ఆవిడ ధీమా అంతా వంటింటి అలమారా మీద. మైదా, కస్టర్డ్ పౌడర్, బేకింగ్ పౌడర్, వంటసోడా, ఈస్ట్, ఇలా ప్రతి డబ్బా మూత మీదా ఒక చీటీ, దాని మీద గడువు తేదీ. బేకింగ్ పౌడర్ వేడినీళ్లలో వేస్తే ఇంకా బుసబుసా పొంగుతోంది కదా అంటే ఒంటికాలి మీద లేచేది. తేదీ దాటిందా, చెత్తబుట్టే. ఒక్క కార్న్‌ఫ్లోర్ మీద మాత్రం ఆవిడకు మహా గురి. తడి తగలకుండా చూసుకుంటే అంత నమ్మకస్తుడు వంటింట్లో ఇంకొకడు లేడనేది.

"నా మీద కూడా ఓ చీటీ అంటించెయ్, నీకు నిశ్చింతగా ఉంటుంది," అని వెక్కిరించేవాడు మొగుడు. బస్సు డిపోలో మెకానిక్ ఆయన. కేకు అంచులు కత్తిరిస్తుంటే పక్కనే నిలబడి ఆ ముక్కలన్నీ నోట్లో వేసుకునే తిండిపుష్టి గల మనిషి.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. అన్నిటికన్నా ఘోరం, గొంతు మొద్దుబారింది. గుక్కెడు మంచినీళ్లు తాగినా ఊపిరితిత్తుల్లోకి పోయేవి, అలా ఒకసారి నిమ్ము కూడా చేసింది. ఆసుపత్రిలో మింగడం నేర్పే డాక్టరమ్మ ఒక పొడి డబ్బా ఇచ్చింది. నీళ్లలోనైనా, టీలోనైనా అది కలిపి, చెంచా వంచితే మెల్లగా జారేంత చిక్కగా చేసి పట్టాలి.

"పల్చటిది చుక్క కూడా లోపలికి పోకూడదమ్మా. ఇలా జాగ్రత్తగా ఉంటే నోటితోనే తింటారు. ఇంకోసారి నిమ్ము చేసిందంటే ముక్కులోంచి గొట్టం వేయాల్సిందే. ఈయన విషయంలో అది మళ్లీ తీస్తామన్న ఆశ లేదు," అంది.

ఆవిడ కేకులు మానేసి ఆయన్ను కంటికి రెప్పలా చూసుకుంది. చెంచా కనబడితే చాలు, ఆయన పక్షిపిల్లలా నోరు తెరిచేవాడు. టీ నచ్చితే నోటి ఎడమ పక్కన నవ్వు కనిపించేది. ఆ సగం నవ్వు చూసే ఆవిడ బతికింది.

ఒకరోజు పొద్దున ఆవిడ డబ్బా తిరగేసి చూసింది. గడువు దాటి నెలైంది. పరాయివాళ్ల పిల్లలకు కూడా తేదీ చూడనిదే పెట్టని తను, సొంత మొగుడికి ఇదా పట్టింది? మరిదిని మందుల షాపుకు తరిమింది. అతను ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"స్టాకు లేదంట వదినా, వారం పడుతుందంట. నెలే కదా దాటింది, చిక్కగానే అవుతోంది కదా, వాడెయ్."

"మీ అన్నయ్య గొంతులోకి పోయేదయ్యా అది. నీ బండికి పూసే గ్రీజు కాదు," అని డబ్బా తీసుకెళ్లి చెత్తలో పారేసింది.

చిక్కబరచడం తనకెవరు నేర్పాలి? కార్న్‌ఫ్లోర్ కాచి చల్లార్చింది. నిగనిగలాడుతూ, సరిగ్గా కావలసినంత చిక్కగా వచ్చింది. గిన్నె మంచం పక్కన పెట్టుకుని కాస్త కాస్త పట్టింది, మిగిలింది కాసేపాగి మళ్లీ పట్టింది. సాయంత్రం గిన్నె అడుగున పల్చగా కనిపిస్తే ఉడుకు తక్కువైందనుకుంది. మర్నాడు ఇంకో చెంచా పిండి ఎక్కువేసింది. ఆయన పొడిగా దగ్గుతుంటే వీపు నిమిరింది. వారం తిరక్కుండానే ఒళ్లు పెనంలా కాలిపోయింది, డొక్కలు ఎగరేయడం మొదలైంది. మరిదిని కేకేసి ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది.

అక్కడ డాక్టరమ్మ అంతా వింది.

"కార్న్‌ఫ్లోర్‌కు ఎంగిలి తగిలితే విరిగిపోతుందమ్మా. నోట్లో పెట్టిన చెంచా మళ్లీ గిన్నెలో ముంచితే చాలు, నీళ్లైపోతుంది. ఆ డబ్బాలో పొడి అలా అవదు. అందుకే అదిచ్చాను."

"దానికి గడువు దాటిపోయిందండీ."

"పొడిపొడిగానే ఉంది కదా, చిక్కబడుతోంది కదా. నెల దాటినంత మాత్రాన ఈ ముప్పు వచ్చేది కాదు. నన్నొక్క మాట అడగాల్సిందమ్మా."

నిర్లక్ష్యం చేసి పోగొట్టుకున్నవాళ్లను చూశాం, జాగ్రత్తపడి పోగొట్టుకున్న ఈ మనిషికి ఏం చెప్పి ఓదార్చాలి? ఏ తిట్టు తిట్టుకున్నా ఆవిడ మనసు ఊరుకోలేదు.

ఆయన బతికాడు. ముక్కులోంచి గొట్టం వేసి ఇంటికి పంపారు. జరిగిందంతా ఆవిడ మంచం పట్టె మీద కూర్చుని ఆయనకు చెప్పుకుని ఏడ్చింది. ఆయన ఆవిడ మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు. ఏం అర్థమైందో తెలియదు.

ఇప్పుడు దేన్నీ చిక్కబరిచే పని లేదు. పాలు, జావ, అన్నీ నీళ్లలా వడగట్టి సిరంజితో గొట్టంలో పోయడమే. ఆవిడ గిన్నెతో గదిలోకి రాగానే ఆయన అలవాటుగా నోరు తెరుస్తాడు. ఆవిడ ఆ నోటి వంక చూడకుండా, గొట్టం వంకే చూస్తూ పోస్తుంది. అంతా దిగాక ముక్కు పక్కన తుడిచి, "అయిపోయిందండీ," అంటుంది. ఆయన నోరు తెరుచుకుని చెంచా కోసం ఎదురుచూస్తూనే ఉంటాడు.