అచ్చులో పడని మాత్రలు

ఆ రోజు అల్మాస్‌గూడలో ఒక ఇంటి గడప దగ్గర కూర్చుని ఉన్నాను. తన కుట్టుమిషన్ బెల్టు తెగిపోతే పక్కింటావిడ తన మిషన్ ఎలా ఇచ్చిందో ఆ ఇల్లాలు చెబుతోంది. మధ్యలో నాకు దగ్గు వచ్చింది. ఎంతకూ ఆగలేదు. ఆమె లోపలికెళ్లి నీళ్లు తెచ్చేసరికి నా కొంగు మీద ఎర్రటి మరక ఉంది. ఆమె చూడకముందే మడిచేశాను. ఆ తర్వాత ఆమె చెప్పిందేదీ నా చెవికెక్కలేదు.

వినడమే నా పని. ఎల్‌బీ నగర్‌లో మా చర్చి పరిచర్య వాళ్లు ఆడవాళ్లకు కుట్టు నేర్పే సెంటర్ నడిపేవారు. నేను అక్కడ ఊడ్చి, వంట చేసేదాన్ని. నలభై దాటాక అక్కడి సాయంత్రం బడిలోనే అక్షరాలు నేర్చుకున్నాను. సెంటర్‌కు సాయం పంపే దాతల కోసం అక్కడి ఇన్‌చార్జి గ్రేస్ మేడమ్ నెలనెలా ప్రార్థన ఉత్తరం అచ్చు వేయించేవారు. ఆవిడది గుంటూరు వైపు. "పెద్ద అద్భుతాలు వద్దు సుగుణక్కా. మన ఆడవాళ్ల ఇళ్లల్లో రోజూ జరిగేవే చెప్పు. చదివినవాళ్లకి మన గుమ్మంలో కూర్చున్నట్టుండాలి" అనేవారు. నేను ఇళ్లు తిరిగి విని వచ్చేదాన్ని. ఆవిడ రాసేవారు.

మరక సంగతి కూడా ఆవిడకే మొదట చెప్పాను. ఆవిడే నన్ను దిల్‌సుఖ్‌నగర్ వైపున్న దవాఖానకు తీసుకెళ్లారు.

"దగ్గు ఎప్పటి సంది?" అన్నాడు డాక్టరు.

"వానలు పడ్డప్పటి సంది సారూ."

"మాపటికి జ్వరమొస్తదా?"

"వస్తది. పొద్దుగాల్లకు చెమటపట్టి పోతది."

స్పుటమ్ టెస్ట్ అని కళ్లె పరీక్ష, ఎక్స్‌రే అయ్యాయి. "స్పుటమ్ పాజిటివ్. టీబీ. ఆర్నెల్లు మందు వాడాలె. మొదటి రెండు నెల్లు, రోజు విడిచి రోజు డాట్స్ సెంటర్‌కొచ్చి మా ముందర్నే మింగాలె. మూత్రం ఎర్రగొస్తది, పరేషాన్ కాకు. రెండు నెల్లకు దగ్గు పోతది. గప్పుడే మంది మందు ఆపేస్తరు. ఆపితే మల్ల వస్తది. గప్పుడు గీ గోలీలు పనిచేస్తయో లేదో నేను చెప్పలేను" అన్నాడు.

మాత్రలు నాకు పడలేదు. వాంతులు. లివర్ టెస్ట్ చేసి, "లివర్ నార్మలే. ఉత్త కడుపుతోని మింగకు" అన్నారు. కానీ అవి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు. సమ్మె వస్తే బస్సు ఉండదు, ఆటో ఉండదు. నా కిరాయి గదిలో వండిపెట్టేవాళ్లు లేరు. ఒక బందు రోజు ఏమీ తినకుండానే ఎల్‌బీ నగర్ నుంచి నడక మొదలుపెట్టాను. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పోలీసులు ఒక పక్క, నినాదాలు ఒక పక్క. అన్నం కలుపుతున్న ఒకామె నన్ను ఆపింది.

"ఏడికక్కా? బందని తెల్వదా?"

"గోలీలకు. దవాఖానకు పోతున్న."

"ఏం గోలీలు?"

"టీబీవి."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత ఆకులో అన్నం పెట్టి చేయి చాచింది. "గా అరుగు మీద కూసొని తిను. సర్కారును దించెతందుకు వండినం. నీ గోలీలు దించెతందుకు పనికిరాదా?"

ఆ రోజు వాంతి కాలేదు.

రెండు నెలలకు స్పుటమ్ నెగెటివ్ వచ్చింది. మా సంఘంలో మేలు పొందినవాళ్లు ఆదివారం లేచి సాక్ష్యం చెప్పడం వాడుక. నేనూ లేచాను. దగ్గు పోయిందన్నాను, దవాఖానలో మాత్రలిచ్చారన్నాను, ఇంకా నాలుగు నెలలు మింగాలన్నాను, దేవునికి స్తోత్రం చెప్పి కూర్చున్నాను. ఆ నెల ఉత్తరంలో నా కథే వేశారు. అచ్చులో నా పేరు! వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాను. సంఘం ప్రార్థించిందని ఉంది, సుగుణమ్మ స్వస్థత పొందిందని ఉంది. మాత్రల మాట లేదు.

"ఏంది మేడమ్, గోలీల ముచ్చట లేదు?"

"అర పేజీయే కదక్కా. మందులు అందరూ వాడతారు. అదంతా రాస్తే కథ పల్చబడిపోతుంది. దేవుడు చేసిందే రాశాను."

"ఆయన గోలీలతోనే చేసిండు."

"ఉత్తరాలు పోస్టులో వెళ్లిపోయాయక్కా" అన్నారు మెల్లగా.

ఆ తర్వాత మా సంఘం ఆడవాళ్లే నన్ను అడగసాగారు. "నయమైందని అచ్చయింది గద. ఇంకా మింగుతున్నవంటే నమ్మకం లేనట్టే గదనే?" నేను మాత్రం మింగుతూనే ఉన్నాను.

కొన్ని వారాలకు సూర్యాపేట నుంచి ఫోన్ వచ్చింది. చాలా ఏళ్లుగా సాయం పంపుతున్న రిటైర్డ్ టీచరమ్మ. మేడమ్ కాసేపు విని, ముఖం పాలిపోయి, ఫోన్ నా చేతికిచ్చారు.

"వందనాలు సుగుణమ్మా. నాకూ నీ జబ్బే. నీ కథ చదివి ధైర్యం వచ్చింది. నేను కూడా మందులు పక్కన పెట్టేశాను" అంటూనే దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు.

"నేను ఆపలేదు టీచరమ్మా. నిన్న గూడ మింగిన."

"నీ విశ్వాసాన్ని నువ్వే తగ్గించుకుని చెప్తున్నవ్. ఉత్తరంలో ఒక్క మాత్ర సంగతీ లేదే. అచ్చులో ఉన్నది నమ్మాల్నా, ఫోన్ల మాట నమ్మాల్నా?"

అచ్చులో పడ్డది తప్పు కాదని ఒకప్పుడు నేను కూడా నమ్మినదాన్నే. ఎట్లా ఒప్పించాలో తెలియక నోటికి వచ్చింది అనేశాను.

"అట్లయితే నాకు గూడ అక్కర్లేదు. రేపు నా గోలీల దినం. మీరు దవాఖానకు పోయిన్రని ఫోనొచ్చిందాక నేను మింగ."

"బెదిరిస్తున్నవా?"

"అవ్ టీచరమ్మా."

ఫోన్ పెట్టేసింది. మరునాడు దవాఖాన వాళ్లు ఇంటికిచ్చిన మాత్రలు ముందు పెట్టుకుని కుట్టు సెంటర్‌లో ఫోన్ దగ్గరే కూర్చున్నాను. మేడమ్ అన్నం తెచ్చి పెట్టారు. తినలేదు. "నా కోసమైనా మింగక్కా" అని ఏడ్చారు. పొద్దు గూకేవేళకు ఫోన్ మోగింది.

"పోయొచ్చిన. మల్ల పాజిటివ్. ఇంజెక్షన్లు గూడ వేస్తరట, ఎనిమిది నెల్లు" అంది టీచరమ్మ. "ఇగ మింగు తల్లీ."

ఆమెకు వినిపించేట్టు మింగాను.

తర్వాతి ఉత్తరంలో మేడమ్ నాకు పేజీ మొత్తం ఇచ్చారు. పక్కన కూర్చుని మాత్రలు, వాంతులు, రోడ్డు మీద అన్నం, టీచరమ్మ దగ్గు, అన్నీ చెప్పి రాయించాను. ఆ ఉత్తరం బాగుందని ఎవరూ ఫోన్ చేయలేదు.

నా ఆరు నెలలు పూర్తయ్యాయి. మళ్లీ దగ్గు రాలేదు. టీచరమ్మకూ నయమైంది కానీ, ఇంజెక్షన్ల వల్ల ఒక చెవి వినిపించదు. ఇప్పటికీ ఫోన్ చేసి "గట్టిగ మాట్లాడు" అంటుంది. నేను ఇప్పటికీ ఇళ్లకు పోయి కథలు వింటాను. జబ్బు తగ్గిందని ఎవరైనా చెబితే ఏం మందు వాడారో, ఇంకా ఎన్నాళ్లు వాడాలో అడగకుండా గడప దిగను. మీరు కూడా మీ సంఘంలో సాక్ష్యానికి లేచినప్పుడు మందు పేరు కూడా చెప్పండి. వినేవాళ్లలో అదే జబ్బుతో ఉన్నవాళ్లు ఒకరైనా ఉంటారు.