ఒసాకాలో రొయ్యలు తేలిన సాయంత్రం

మొన్న కైకలూరు దగ్గర ఒక చెరువు గట్టు మీద, ఓ వ్యాపారి రొయ్యను చేత్తో ముట్టుకోకుండానే ఫోనులో ఫోటో తీసి, ఎవరికో పంపి, వచ్చిన జవాబును బట్టి సరుకు మంచిదని తేల్చేశాడు. రొయ్యను చేత్తో పట్టి చూడమని చెప్పబోయాను. ఒసాకా నగరమూ, మా మావయ్యా గుర్తొచ్చాక ఇంకొకరికి చెప్పే అర్హత నాకు లేదనిపించింది.

మావయ్య మా అమ్మకు తమ్ముడు, నా భార్యకు తండ్రి. కొల్లేటి చెరువుల్లో రొయ్యను పెంచడం నాకు నేర్పింది ఆయనే. రెండువేలు దాటిన కొత్తల్లో, రొయ్యల మేత అమ్మే కంపెనీ ఒకటి మా వైపు రైతుల్ని కొందరిని జపాను తీసుకెళ్లింది. చివరి రోజు ఒసాకాలో ఖాళీ దొరికితే, మా ఇద్దరికీ ఊరు చూపించడానికి ఇంగ్లీషు తెలిసిన ఒక జపాను అమ్మాయి వచ్చింది. మావయ్య తెల్లపంచె మీద స్వెట్టరు, మేజోళ్ల మీద చెప్పులు వేసుకుని టిఫినుకు దిగారు. జేబులోంచి పొట్లం తీసి సూపులో కారప్పొడి చల్లుకున్నారు. ఈయన మీకేమవుతారని ఆ అమ్మాయి అడిగింది. కోటు తొడుక్కున్న నేను, మా చెరువుల దగ్గర పనిచేసే మనిషి అన్నాను. ఇంగ్లీషు రాని మావయ్య, తనని గొప్పగా చెబుతున్నాననుకుని చేతులు జోడించారు.

ఆ నమస్కారం రోజంతా నా వెంట తిరిగింది. కోట చూశాం. రాజుల కోటలో లిఫ్టు పెట్టడం మావయ్యకు భలే నచ్చింది, మోకాళ్ల నొప్పులవాళ్లని తలుచుకున్నారు కదా అని. కాలవ ఒడ్డున కాళ్లాడించే పెద్ద పీత బొమ్మ కింద చాలాసేపు నిలబడ్డారు. గుంటపునుగుల్లాంటివి వేస్తున్న ఒకావిడ దగ్గరికెళ్లి, "ఏవండీ, ఇంకో నాలుగు వెయ్యండి" అని శుభ్రంగా తెలుగులోనే అడిగారు. ఆవిడ వేసింది కూడా. లోపలున్నది ఆక్టోపస్ ముక్క అని నేను చెప్పేటప్పటికి ఆరు తినేశారు. నేను మాత్రం పది అడుగులు ముందు నడుస్తూ, ఆ పంచెకూ నాకూ సంబంధం లేనట్టు కొట్ల బోర్డులు చూస్తున్నాను.

సాయంత్రం ఒక చిన్న హోటలుకు వెళ్లాం. గుమ్మం పక్కన గాజుతొట్టిలో బతికున్న రొయ్యలు. మావయ్య కూర్చోలేదు. రొయ్యలన్నీ ఒక మూల నీటి పైకొచ్చి మూతులు ఆడిస్తున్నాయి. "గాలాడక తేలిపోయాయిరా" అంటూ స్వెట్టరు చెయ్యి పైకి లాక్కుని, మోచేతిదాకా ముంచి నీళ్లను ఎడాపెడా కొట్టడం మొదలుపెట్టారు. కరెంటు పోయి గాలిచక్రాలు ఆగిన తెల్లవారుజామున, నీటికి గాలి ఎక్కించడానికి మావయ్య చెరువులో దిగి చేసే పనే అది. కానీ అక్కడ తింటున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. ముసలి యజమాని కత్తి పక్కన పడేసి పరిగెత్తుకొచ్చాడు. నేను మావయ్య భుజం పట్టి లాగాను.

"నన్ను తర్వాత లాగుదువుగాని. వెనకాల గాలిగొట్టం చూడు ముందు."

చూశాను. గొట్టం ఊడి గోడవైపు వేలాడుతోంది. యజమాని దాన్ని బిగించాడు. బుడగలు లేచాయి. కాసేపటికి రొయ్యలు ఒక్కొక్కటే అడుక్కు దిగాయి. ఆ ముసలాయన తడిచేతి మావయ్య ముందు నడుము దాకా వంగాడు. హోటలంతా చప్పట్లు. ఈ పెద్దమనిషి ఎవరని ఆయన అడిగితే, ఆ అమ్మాయి నావైపు తిరిగి, మీ పనిమనిషే కదా అంది.

కాదన్నాను. నా మావగారు, నా గురువు, పొద్దున సిగ్గుపడి అబద్ధం చెప్పాను అన్నాను. అది జపాను భాషలోకి మారుతుండగానే మావయ్యకు తెలుగులో చెప్పాను. ఆయన చెయ్యి తుడుచుకుంటూ విన్నారు.

"అబద్ధమేముందిరా అల్లుడూ? చెరువులో పని నాదే. నువ్వెప్పుడూ గట్టు మీదేగా."

ఆ సాయంత్రం యజమాని తన ఎదురుగా ఉన్న కుర్చీలో మావయ్యను కూర్చోబెట్టి, రొయ్యల్ని పిండిలో ముంచి వేయించి స్వయంగా వడ్డించాడు. మన బజ్జీయే, ఉప్పు కాస్త తగ్గిందన్నారు మావయ్య, మూడో పళ్లెం ముగిస్తూ. పక్క కుర్చీ నాది. పది అడుగుల దూరం కాదు.

పొద్దున ఆ అబద్ధం ఆడడానికి నాకు ఒక్క క్షణం పట్టింది, వెనక్కి తీసుకోవడానికి ఒక పగలు. ఆయన ఎదురుగా ఉండగానే ఆ పగలు దొరికింది. కాలం నాకు చేసిన ఉపకారాల్లో అంతకన్నా పెద్దది ఇంకోటి లేదు.