గీత కొట్టే టీచరుగారు

యానాంలో మా ఎదురింటి టీచరుగారు మర్నాటి పనులన్నీ ముందురోజే డైరీలో రాసుకునేవారు. ఒక పని అవగానే దాని మీద నిదానంగా గీత కొట్టి, ఆ గీతను కాసేపు చూసుకునేవారు. అందులో ఏం చూస్తారా అని నాకు వింతగా ఉండేది. ఒకసారి ఆవిడ ఫోన్‌లో పనులు గుర్తుచేసే యాప్ పెట్టాను. రెండ్రోజులకే వద్దనేశారు.

"అయిన పని మాయమైపోతందమ్మా. నేను చేసినట్టు నాకెలా తెలుస్తాది?"

ఆ మాట నాకు సరిగా అర్థం కాలేదు.

ఆ ఏడు గోదావరి పొంగి మా వీధి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. వరద తీశాక వెళ్లి చూస్తే, ఆవిడ బురద నిండిన ఇంటి ముందు నిలబడిపోయి ఉన్నారు. డైరీ తడిసి ముద్దయిపోయింది.

"ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలీట్లేదమ్మా," అన్నారు.

మా మేడ మీద నుంచి కాగితం, పెన్ను తెచ్చిచ్చాను. మెట్టు మీద కూర్చుని, చాలాసేపు ఆలోచించి, ఒక్క పనే రాశారు: 'గుమ్మం కడగాలి.'

ఇద్దరం కలిసి కడిగాం. ఆవిడ గీత కొట్టి, కాగితం నా వైపు తిప్పి చూపించారు.

"ఇప్పుడు వంటగది రాయనా?" అన్నారు.